లెక్కకెక్కని ఊళ్లు

*దేవరగట్టు బన్నిలో ఎందరి తలలు పగిలాయో తెల్లారేసరికి తేలిపోతుంది. అవే ఊళ్లలో ఏడాదికి ఎందరికి కేన్సర్ వస్తోందంటే చెప్పేవాళ్లు లేరు. ఆ లెక్క ఎవరు రాయాలి, రాసేవాళ్లకు ఎవరు నేర్పాలి? కర్నూలు పడమటి మండలాల కేన్సర్ కష్టమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది.*

విజయదశమి అర్ధరాత్రి హొళగుంద మండలం దేవరగట్టు కొండమీద మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం ముగుస్తుంది. ఉత్సవమూర్తులను దక్కించుకోవడానికి నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మరోవైపు నిలబడి దివిటీల వెలుగులో కర్రలతో తలపడతారు. దీన్నే బన్ని అంటారు. వందలమంది పోలీసులు దిగుతారు. వైద్య ఆరోగ్య శాఖ అక్కడే తాత్కాలిక ఆసుపత్రి పెడుతుంది. 108 వాహనాలు వరసగా నిలబడతాయి. దెబ్బ తగిలినవాళ్లలో కొందరు బండారు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోతారు. గట్టి దెబ్బలైతే ఆదోని ఆసుపత్రికి తరలిస్తారు. మర్నాడు పొద్దున జిల్లా పేజీలో గాయపడినవాళ్ల సంఖ్య అచ్చవుతుంది.

ఒక్క రాత్రి గాయాలకు ఇంత ఏర్పాటు, ఇంత లెక్క ఉండటం మంచిదే. ఇదే కొండ కింద ఊళ్లలో ఏళ్ల తరబడి పెరిగే గాయం ఇంకొకటి ఉంది. నోట్లో మానని పుండు, రొమ్ములో నొప్పిలేని గడ్డ, ముట్లుడిగిపోయాక మళ్లీ కనబడే ఎరుపు. వీటిలో ఏది ఎందరికి కేన్సరుగా తేలింది? ఎందరు కర్నూలు వెళ్లారు, ఎందరు బళ్లారి వెళ్లారు, ఎందరు ఎక్కడికీ వెళ్లకుండానే పోయారు? ఈ ప్రశ్నలకు జవాబు దొరికే రిజిస్టరు లేదు.

28లో ఒక్కటే మనది

దేశంలో కేన్సర్ లెక్కలు రాసే పని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1980ల మొదట్లో చేపట్టింది. దీనికి రెండు రకాల రిజిస్ట్రీలున్నాయి. ఆసుపత్రి రిజిస్ట్రీ తన గడప తొక్కినవాళ్లనే రాసుకుంటుంది. జనాభా రిజిస్ట్రీ మాత్రం ఒక ప్రాంతం సరిహద్దు గీసుకుని, ఆ గీత లోపల కేన్సర్ వచ్చిన ప్రతి మనిషినీ, వాళ్లు ఏ ఊళ్లో చూపించుకున్నా సరే, వెతికి పట్టుకుంటుంది. ఏ ప్రాంతంలో ఏ కేన్సర్ ఎక్కువో, ఎవరు ఆలస్యంగా వస్తున్నారో తెలిసేది ఈ రెండో దాని వల్లే.

2012–16 కాలానికి 2020లో వెలువడిన జాతీయ నివేదికలో ఇలాంటి జనాభా రిజిస్ట్రీలు 28 ఉన్నాయి. వాటిలో పదకొండు రిజిస్ట్రీలు ఈశాన్య రాష్ట్రాలవే. తెలుగు నేల నుంచి ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. ఆ నివేదికలో మిజోరం రాజధాని ఐజోల్ మగవాళ్లలో లక్షకు 269 మందికి కేన్సర్ నమోదైతే, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్–బీడ్ జిల్లాల్లో 40 మందికి కూడా కాలేదు. ఒకే దేశంలో ఆరేడు రెట్ల తేడా ఉన్నప్పుడు హైదరాబాద్ లెక్కను తెచ్చి హొళగుందకు అతికించలేం. నగరంలో ఉద్యోగం చేసే ఆమె జీవితం వేరు. చిన్నప్పుడే పెళ్లయి, పత్తి చేలల్లో పనిచేసి, మధ్యాహ్నం ఆకు, వక్క, పొగాకు దవడన పెట్టుకునే ఆమె జీవితం వేరు.

అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్తగా 14 లక్షల పైచిలుకు కేన్సర్లు బయటపడ్డాయి. 9 లక్షల మందికి పైగా చనిపోయారు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ ఒక్కటే దాదాపు 80 వేలమంది ఆడవాళ్లను తీసుకుపోయింది. ముందే పట్టుకుంటే చాలావరకు ఆపగలిగిన కేన్సర్ ఇది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దీనికి ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశవ్యాప్తంగా వందకు ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్షకైతే వందకు ఒక్కరు కూడా లేరు.

బళ్లారి దగ్గర, కర్నూలు దూరం

హొళగుంద నుంచి కర్నూలు పోవడం కంటే సరిహద్దు దాటి బళ్లారి పోవడం తేలిక. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లుంటే బళ్లారి డెబ్భై దగ్గర ఉంటుంది. పెద్ద జబ్బంటే బెంగళూరు కిద్వాయి ఆసుపత్రి పేరే ఇక్కడ ముందు గుర్తొస్తుంది. ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం కలగలిసిపోతాయి. ఆదోని పేటల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ వినబడతాయి. రోగి సరిహద్దు దాటిన క్షణంలో కర్నూలు రికార్డులోంచి మాయమవుతుంది. అవతల ఆసుపత్రి ఆమెను ‘ఆంధ్ర రోగి’గా రాసుకుంటుంది. ఆమె పూర్తి కథ రెండు రాష్ట్రాల్లో ఎవరి దగ్గరా ఉండదు.

దూరానికి తోడు కాలం కూడా కలిసిరాదు. పత్తి ఏరడం అయిపోగానే ఈ మండలాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికని, అంటే వలస కూలికని, గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు కట్టడాల పనికి కుటుంబాలు కుటుంబాలే తరలిపోతాయి. మళ్లీ ఉగాది వస్తేగానీ ఊళ్లు నిండవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటికీ కేన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లకు పరీక్ష చేసి, అనుమానం ఉన్నవాళ్లను పై ఆసుపత్రికి పంపడం దాని ఉద్దేశం. మంచి పనే. అయితే ఏఎన్‌ఎం తలుపు తట్టే నెలల్లోనే కోసిగి, పెద్దకడబూరు, హొళగుంద వైపు చాలా ఇళ్లలో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. అనుమానితుల జాబితాలో పేరెక్కిన ఆమె రెండో పరీక్ష నాటికి ఏ పిడుగురాళ్ల దగ్గరి మిరపతోటలోనో ఉంటుంది. ఇది రాజధానిలో కూర్చున్నవాళ్లకు తట్టే సంగతి కాదు. ఆదోనిలో పనిచేసే నర్సును అడిగితే ఒక్క మాటలో చెబుతుంది.

మూడో చిక్కు మరీ విచిత్రం. కేన్సర్ పరీక్ష అందని చోట కేన్సర్ భయం మాత్రం బాగానే అందింది. తెల్లబట్ట, నడుంనొప్పి అని ప్రైవేటు నర్సింగ్‌హోంకు వెళితే ‘గర్భసంచి తీసేయకపోతే కేన్సర్ అవుతుంది’ అన్న బెదిరింపు తెలుగు పల్లెల్లో వినని ఆడవాళ్లు అరుదు. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. దాదాపు 9 శాతం. తెలంగాణ దాని వెనకే ఉంది. అవసరం లేని ఈ ఆపరేషన్లను మొదట ఊరూరా తిరిగి లెక్కగట్టినవాళ్లు హైదరాబాద్‌కు చెందిన లైఫ్–హెచ్‌ఆర్‌జీ సంస్థ డాక్టర్లు ఎస్.వి.కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్. ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు బయటపెట్టిన వివరాలే ఈ విషయాన్ని చర్చకు తెచ్చాయి. పరీక్ష దక్కాల్సిన ఆమెకు దక్కడం లేదు, కోత అక్కర్లేని ఆమెకు కోత పడుతోంది. వైద్యంలో అంతరం అంటే ఈ రెండూ.

మెట్ట నేల నుంచే ఒక పాఠం

ఆదోని లాంటి మెట్ట ఊరు ప్రపంచ కేన్సర్ పరిశోధనకు దారి చూపగలదా? చూపింది. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా బార్శి అలాంటిదే. జొన్నలు, వానకోసం చూపులు, వలసలు అక్కడా ఉన్నాయి. 1987లో టాటా మెమోరియల్ ఆసుపత్రి తోడ్పాటుతో అక్కడ దేశంలో మొట్టమొదటి గ్రామీణ కేన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. బార్శి, పరండా, భూమ్ తాలూకాల్లోని 346 ఊళ్లు దాని పరిధి. ముంబయి నుంచి డాక్టర్ కస్తూరి జయంత్ పద్ధతి రూపొందిస్తే, బార్శిలో డాక్టర్ బి.ఎం.నేనే దాన్ని నడిపించారు.

ఆసుపత్రులే సరిగా లేని చోట ఆసుపత్రి కాగితాలు వెతికి లాభం లేదు. అందుకని వాళ్లు క్షేత్ర కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఊళ్లమీదికి పంపారు. వాళ్లు సర్పంచిని, పంతులును, మంత్రసానిని కలిసేవాళ్లు. కేన్సర్ గుర్తులేమిటో జనానికి చెప్పేవాళ్లు. అనుమానం ఉన్నవాళ్లను పరీక్షకు తీసుకొచ్చేవాళ్లు. లెక్క రాయడానికి వెళ్లిన మనిషే వైద్యానికి దారి చూపే మనిషయ్యాడు. కొన్నేళ్లు తిరిగేసరికి అక్కడ గర్భాశయ ముఖద్వార కేన్సర్లు మునుపటికన్నా తొలిదశలోనే బయటపడటం మొదలైందని 1995లో అచ్చయిన అధ్యయనం చూపింది. కొత్త యంత్రం, కొత్త మందు లేకుండా వచ్చిన మార్పు అది.

ఆ పునాది మీదే 1999లో పక్కనున్న ఉస్మానాబాద్ జిల్లాలో పెద్ద ప్రయోగం జరిగింది. 30–59 ఏళ్ల ఆడవాళ్లు 1,31,746 మందిని ఊళ్లవారీగా 52 గుంపులు చేసి, నాలుగు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి గర్భాశయ ముఖద్వార కేన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష, ఒకదానికి పాప్ స్మియర్, ఒకదానికి పలచటి వెనిగర్ రాసి కంటితో చూసే వీఐఏ పరీక్ష. నాలుగో వర్గానికి మామూలుగా అందే వైద్యమే. ఎనిమిదేళ్లకు చూస్తే, ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకున్న వర్గంలో ఈ కేన్సర్‌తో 34 మంది చనిపోయారు. పరీక్ష లేని వర్గంలో 64 మంది. మరణాలు దాదాపు సగానికి తగ్గాయన్నమాట. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో అచ్చయిన ఆ వ్యాసంలో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థకు చెందిన ఆర్.శంకరనారాయణన్ పేరు మొదటిదైతే, బార్శి డాక్టర్ నేనే పేరు రెండోది. తాలూకా ఊరి డాక్టరు పేరు ప్రపంచపు పెద్ద వైద్య పత్రికలో ఆ స్థానంలో పడటం చిన్న సంగతి కాదు. ఊరు నమూనాలు పంపి ఊరుకోలేదు, ప్రశ్నలో, జవాబులో భాగస్వామి అయింది.

ఈ గెలుపు వెనక నిలదీయాల్సిన ప్రశ్నా ఉంది. పోల్చి చూడటం కోసం వేలమంది ఆడవాళ్లను ఏళ్లతరబడి పరీక్ష లేకుండా ఉంచడం న్యాయమా అని వైద్య నీతి నిపుణులు తర్వాతి కాలంలో గట్టిగా అడిగారు. ఆ 64 మరణాలు అంకెలు మాత్రమే కావని గుర్తుచేశారు. ఏ పని చేస్తుందో తేలిపోయాక ఇప్పుడెవరూ అలా ఖాళీ వర్గం పెట్టి పరీక్షించాల్సిన అవసరం లేదు. మిగిలిన ప్రశ్న ఒక్కటే. తేలిన మంచిని ఈ ఊళ్లకు చేర్చడం ఎలా?

ఒకే పరీక్ష, ఊరికో ఫలితం

‘ఎక్కడో తేలిపోయింది కదా, ఇక్కడ మళ్లీ పరిశోధన దేనికి?’ అని అడగొచ్చు. దానికి ఆ ప్రయోగాల్లోనే జవాబుంది. చౌకైన వెనిగర్ పరీక్షను తమిళనాడు దిండిగల్ జిల్లాలో అంబిల్లికై ఆరోగ్య కేంద్రం నర్సులతో చేయించింది. మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో లాన్సెట్ రాసింది. ముంబయి మురికివాడల్లో ఆరోగ్య కార్యకర్తలు అదే పరీక్ష చేస్తే 31 శాతం తగ్గాయి. ఉస్మానాబాద్‌లో మాత్రం అదే వెనిగర్ పరీక్షతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దేశం ఒకటే, పరీక్ష ఒకటే. చేసిన చేయి, ఎన్నిసార్లు చేశారన్నది, అనుమానం వచ్చాక వైద్యం ఎంత త్వరగా అందిందన్నది చోటును బట్టి మారిపోయింది. ఆదోనిలో ఏది నిలుస్తుందో ఆదోనిలో చూడకుండా చెప్పలేం.

ఇంకో రెండు ప్రయోగాలు కూడా ఈ నేలకు పనికొస్తాయి. తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకెళ్లి టార్చి వేసి నోరు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి కేన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది. ముంబయిలో 1998 నుంచి శిక్షణ పొందిన ఆడవాళ్లు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఫలితాన్ని ఇరవై ఏళ్లపాటు గమనించారు. యాభై దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. మామోగ్రఫీ యంత్రం లేని చోట ఇంతకన్నా పెద్ద కబురేముంటుంది? ఈ ప్రయోగాలన్నిటిలో ప్రాణాలు కాపాడినవి స్థానిక ఆడవాళ్ల చేతులు, వాటి వెనక నిలిచిన శిక్షణ.

తెలుగు నేలకు ఇలాంటి పరిశోధన కొత్తేం కాదు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే శ్రీకాకుళం అడ్డపొగ, అంగిలి మీద తెచ్చే మార్పులను 1960ల్లోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత వైద్య విభాగం ఇంటింటికీ తిరిగి చూసింది. ఫాలీ మెహతా, కోపెన్‌హేగన్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ ఆ పనిలో ఉన్నారు. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేలమంది పొగాకు వాడకందార్లకు మానమని చెబుతూ వెంటపడ్డారు. మాట చెప్పడం వల్ల అలవాటు తగ్గుతుందని, నోట్లో ముందస్తు మచ్చలు తగ్గుతాయని 1986లో చూపించారు.

ఖమ్మం నేర్పినది

అయితే ఊరిని నమ్మకంలోకి తీసుకోని పరిశోధన ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10–14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. దాదాపు 14 వేలమందికి వేశారు. అందులో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలు. సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినవి బోలెడు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవ రేగింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కానీ సమ్మతి తీసుకున్న తీరును, దుష్ప్రభావాలను కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు లేకపోవడాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

దాని దెబ్బ వేరే చోట తగిలింది. అదే సమయంలో బార్శి, అంబిల్లికై, హైదరాబాద్, ఐజోల్ సహా తొమ్మిది చోట్ల ఒక అధ్యయనం నడుస్తోంది. మూడు డోసులు వేయాలా, రెండు చాలా అన్నది దాని ప్రశ్న. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం హెచ్‌పీవీ టీకా అధ్యయనాలన్నీ ఆపించింది. అప్పటికి దాదాపు 17,700 మంది పిల్లలకు టీకా మొదలైంది. సుమారు 5 వేలమందికి ఒక్క డోసే పడింది. ప్రయోగం చెడిపోయిందని వదిలేస్తే అంతటితో ముగిసేది. ఆ తొమ్మిది చోట్ల బృందాలు వదల్లేదు. పిల్లలు పెద్దవాళ్లయి, పెళ్లిళ్లయి, ఊళ్లు మారినా వెతుక్కుంటూ ఏళ్లతరబడి వెంట తిరిగాయి. ఒక్క డోసు కూడా ప్రమాదకర వైరస్ రకాలు ఒంట్లో పాతుకుపోకుండా 95 శాతం రక్షణ ఇస్తోందని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసుకు పచ్చజెండా ఊపడానికి తోడ్పడిన ఆధారాల్లో ఇదొకటి. పేద దేశాలన్నిటికీ టీకా ఖర్చు తగ్గించిన ఫలితం అది.

ఖమ్మంలో వాడిన టీకాయే ఆ తొమ్మిది చోట్లా వాడారు. తేడా మనుషులతో కట్టుకున్న బంధంలో ఉంది. బార్శిలో, అంబిల్లికైలో ఆ బృందాలు టీకా కంటే ఎన్నో ఏళ్ల ముందే ఆ ఊళ్లలో తెలిసిన ముఖాలు. ఎవరింట్లో ఎవరున్నారో, ఏ పండక్కి ఎవరొస్తారో వాళ్లకు తెలుసు. అందుకే పదేళ్ల తర్వాత కూడా తలుపు తెరిచారు. ఆదోనిలో రేపు ఎవరైనా పరిశోధన మొదలుపెడితే తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ నాలుగింట్లోనూ విషయం విడమరిచి చెప్పి, పాల్గొనే మనిషి ‘ఊఁ’ అన్నాకే ముందుకు కదలాలి. వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు.

ప్రశ్నకు పెద్దదిక్కు

పడమటి మండలాల్లో తెలివైన డాక్టర్లకు, నర్సులకు కొదవ లేదు. లేనిది వెన్నుదన్ను. పీహెచ్‌సీలో రోజుకు వంద ఓపీలు చూసే యువ డాక్టరుకు ‘మా దగ్గర నోటి పుండ్లు ఎందుకిన్ని?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నను ఎన్ని ఇళ్లలో, ఎలా అడగాలి, నీతి సంఘం అనుమతి ఎలా తెచ్చుకోవాలి, వచ్చిన లెక్క నిజమో కాదో ఎలా తేల్చాలి? ఇవి చెప్పే గురువు దగ్గర్లో లేక ప్రశ్న ఓపీ చీటీల మధ్యే చచ్చిపోతుంది.

ఈ లోటు తీర్చే ఏర్పాట్లు దేశంలో మొదలయ్యాయి. 2012లో ఏర్పడిన నేషనల్ కేన్సర్ గ్రిడ్ ఇప్పుడు వందలాది ఆసుపత్రులను టాటా మెమోరియల్‌తో కలుపుతోంది. క్లిష్టమైన కేసులను ఆన్‌లైన్‌లో కలిసి చర్చిస్తారు. దాని ఆధ్వర్యంలో 2015 నుంచి క్రెడో అనే వర్క్‌షాపు జరుగుతోంది. యువ వైద్యుడు ఒక్క పేజీ ఆలోచనతో వస్తాడు. దేశవిదేశీ నిపుణులు పక్కన కూర్చుని, రాత్రింబవళ్లు తిరగరాయించి, వారం తిరగకుండా పూర్తి పరిశోధన పత్రంతో పంపిస్తారు.

దూరం నుంచి నేర్పే పద్ధతికి మూలం అమెరికాలోని న్యూమెక్సికో. అక్కడ స్థిరపడిన భారతీయ వైద్యుడు సంజీవ్ అరోరా 2003లో ఎకో అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. మారుమూల క్లినిక్‌ల డాక్టర్లతో వారంవారం వీడియోలో కేసులు చర్చించేవారు. హెపటైటిస్–సి నయమైన రేటు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 57.5 శాతం, పల్లె క్లినిక్‌లలో 58.2 శాతం. రోగిని పట్నానికి మోసుకుపోకుండా పట్నం విద్యను పల్లెకు తీసుకుపోయిన ఫలితమది. ఇదే పద్ధతిని హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ సంస్థలో డాక్టర్ గాయత్రి పాలట్ బృందం నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం నేర్పడానికి వాడింది. ఆదోని ఏరియా ఆసుపత్రిలో ఒక తెర, వారానికి ఒక గంట, మాట్లాడటానికి ఒక నిజమైన కేసు ఉంటే ఇక్కడా నడుస్తుంది.

రోగి పక్షాన నిలబడే మనిషి ఎంత తేడా తేగలడో న్యూయార్క్ హార్లెమ్ చూపించింది. అక్కడి ప్రభుత్వాసుపత్రికి వచ్చే పేద నల్లజాతి ఆడవాళ్లలో రొమ్ము కేన్సర్ తర్వాత అయిదేళ్లు బతికినవాళ్లు 39 శాతమే. సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ 1990లో ‘నావిగేటర్’ అనే ఉద్యోగం సృష్టించారు. ఏ కౌంటరుకు పోవాలి, ఏ కాగితం కావాలి, మళ్లీ ఎప్పుడు రావాలి అని చెప్పి చేయి పట్టుకుని నడిపించే మనిషి. ఉచిత స్క్రీనింగ్ కూడా తోడై తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య 70 శాతానికి చేరింది. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ 2001లో ఈ అంతరాల కోసమే ప్రత్యేక కేంద్రం పెట్టి, ప్రాంతాలవారీగా యువ పరిశోధకులను పెద్దలతో జతకట్టింది. టాటా మెమోరియల్ కూడా 2019లో ‘కేవట్’ పేరుతో ఇలాంటి దారిచూపే ఉద్యోగులకు శిక్షణ మొదలుపెట్టింది.

సోమప్ప దారిలో

కర్నూలు మెడికల్ కాలేజీ 1950ల నాటిది. న్యూయార్క్‌లో రేడియేషన్ వైద్యంలో పేరు తెచ్చుకున్న నోరి దత్తాత్రేయుడు చదివింది అక్కడే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి కేన్సర్ సలహాదారుగా కూడా ఉన్నారాయన. అదే ప్రాంగణంలో స్టేట్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు 2019లో శంకుస్థాపన జరిగింది. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో ఖర్చు భరించే పథకం అది. ఆదోనికి మంజూరైన మెడికల్ కాలేజీని ఎవరు నడపాలన్నదాని మీద వాదన రేగింది. ఎవరు నడిపినా, ఆ కాలేజీ విద్యార్థి మొదటి ఏడాదే దత్తత ఊరికి వెళ్లి కేన్సర్ లెక్క రాయడం నేర్చుకోకపోతే ఈ ప్రాంతానికి దక్కేది ఒక భవనం మాత్రమే.

కలిసి పనిచేయడం ఈ నేలకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు విడివిడిగా మగ్గం మీద బతకలేని ఇళ్లన్నీ నూలు, రంగు, అమ్మకం కలిపి చూసుకుని నిలదొక్కుకున్నాయి. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కేన్సర్ పరిశోధనకూ అదే పొత్తు కావాలి. కర్నూలు సంస్థ నమూనాలు పరీక్షించాలి. ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రులు కేసులు గుర్తించాలి. బళ్లారి, రాయచూరు, బెంగళూరు ఆసుపత్రులు ఈ మండలాల రోగుల వివరాలు, పేర్లు బయటపెట్టకుండా, తిరిగి పంచుకోవాలి. ఆశాలు, ఏఎన్‌ఎంలు ఊళ్లో వెతకాలి. వ్యాసం అచ్చయ్యేటప్పుడు వాళ్లలో పనిచేసినవాళ్ల పేర్లూ అందులో ఉండాలి.

మొదట అడగాల్సిన ప్రశ్నలు ఖరీదైనవి కావు. స్క్రీనింగ్‌లో అనుమానితులుగా తేలినవాళ్లలో ఎందరు రెండో పరీక్షకు వచ్చారు, రానివాళ్లు ఎందుకు రాలేదు? హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను ఆడవాళ్లే ఇంట్లో తీసుకోగలిగితే ఎందరు ఒప్పుకుంటారు? గర్భసంచి తీయించుకున్నవాళ్లలో తీయడానికి ముందు పరీక్ష జరిగింది ఎందరికి? సుగ్గికి పోయినవాళ్లకు గుంటూరు జిల్లా పీహెచ్‌సీలోనే తర్వాతి పరీక్ష చేయించి, ఫలితం హొళగుందకు చేరవేయగలమా? వీటికి జవాబు రాయడానికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. ఓపిక, ఒక గురువు, రెండు జిల్లాల మధ్య ఫోన్ నంబర్లు ఉంటే చాలు.

పనికి ముహూర్తం కూడా ఈ నేలే చెబుతోంది. దసరాకు బన్ని చూడటానికి జనం ఊళ్లలో ఉంటారు. ఉగాదికి సుగ్గి నుంచి తిరిగొస్తారు. ఆ రెండు కాలాల్లో ఇంటింటికీ తిరిగి, మధ్య నెలల్లో వలస చోట్ల వెంటాడితే ఎవరూ జారిపోరు. బార్శి 346 ఊళ్లతో మొదలుపెట్టింది. హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి మండలాలతో మనం మొదలుపెట్టొచ్చు. పదేళ్లకు ఇక్కడి డాక్టరు ఇక్కడి లెక్క పట్టుకుని ముంబయి సభలో మాట్లాడితే, ‘ఇలా చేయండి’ అని బయటివాళ్లు చెప్పే రోజులు పోయి ‘మీరెలా చేశారు?’ అని అడిగే రోజులొస్తాయి. జిల్లా వైద్యాధికారి, కర్నూలు కాలేజీ ప్రిన్సిపాల్ ఒక పూట కూర్చుంటే వచ్చే ఉగాదికి మొదటి ఊళ్లో మొదటి పేరు రాయొచ్చు.

ఇవి కనబడితే ఆగొద్దు

• నోట్లో పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ మూడు వారాలైనా మానకపోవడం. నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం.

• రొమ్ములో గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు సొట్ట పడటం, చనుమొన నుంచి రక్తం. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. తొలిదశ గడ్డలు చాలావరకు నొప్పి పెట్టవు.

• ముట్లు ఆగిపోయాక రక్తస్రావం, కలయిక తర్వాత రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట.

• ముప్పై నుంచి 65 ఏళ్లవాళ్లు ఏ ఇబ్బందీ లేకపోయినా అయిదేళ్లకోసారి నోరు పరీక్ష, ఆడవాళ్లయితే రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు కూడా చేయించుకోవాలని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇవి ఉచితం.

• గర్భసంచి తీసేయాలని ఎవరైనా అంటే, ముందు కేన్సర్ పరీక్ష చేశారా అని అడగండి. ప్రభుత్వాసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోండి.

• సుగ్గికి పోయేముందు పరీక్ష కాగితం వెంట తీసుకెళ్లండి. తర్వాతి పరీక్ష అక్కడి పీహెచ్‌సీలోనూ అడగొచ్చు.